ఆమేన్‌తో ఆమోదించిన లక్ష్యాలు

మా మనవరాలు బడిలో చేరడం వెనుక నా కుట్ర ఉందని మా కోడలి తరఫు బంధువుల్లో కొందరు అనుకుంటున్నట్టు ఈమధ్య నా చెవిన పడింది. నేను నీటిపారుదల శాఖలో గుమస్తాగా చేరి హెడ్ గుమస్తాగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ పిమ్మట మా చర్చి సంఘానికి కార్యదర్శిగా ఉండి, ప్రతి కమిటీ సమావేశానికీ మినిట్స్ రాసి, అందరిచేతా సంతకాలు పెట్టించినవాణ్ణి. కుట్ర చేసేవాడు మినిట్స్ రాయడు. ఈ చిన్న సంగతి వాళ్ళకు తట్టకపోవడం నాకు కష్టం కలిగించింది. అందుచేత జరిగినది జరిగిన క్రమంలోనే ఇక్కడ రాస్తున్నాను.

మాది బందరు. ఇంట్లో ఉండేది ఐదుగురం. నేనూ, నా భార్యా, మా అబ్బాయీ, కోడలూ, వాళ్ళ ఒక్కగానొక్క కూతురూ. మా అబ్బాయి చేపల మేత అమ్మే కంపెనీలో ఉద్యోగి. పొద్దున బండెక్కి ముదినేపల్లి చెరువు గట్ల మీదికి వెళ్ళి, సాయంత్రం మేత వాసనతో తిరిగి వస్తాడు. కోడలు పెళ్ళికి ముందూ, ఆ తర్వాత కొన్నాళ్ళూ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పింది. ఏదో మనసు విరిగి మానేసింది. ఎందుకని మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

కరోనా వచ్చి బడులు మూతపడేనాటికి పిల్ల రెండో తరగతి. ఫోనులో పాఠాలు వినీ వినీ, టీచరమ్మ కనబడకపోయినా ఫోను మోగితే చాలు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పే స్థితికి వచ్చింది. అది చూసి కోడలు ఫోను లాక్కుని తానే పాఠాలు మొదలుపెట్టింది. బడులు మళ్ళీ తెరిచారు. మా పిల్లను పంపలేదు. దేవుడిచ్చిన బిడ్డను దేవుని భయంలో ఇంట్లోనే చదివించుకుంటామని భార్యాభర్తలిద్దరూ మోకరించి నిర్ణయించుకున్నారట. నన్ను సంప్రదించలేదు. ఈ విషయమై నా అభ్యంతరాన్ని అప్పుడే తెలియజేశాను, ఇప్పుడూ తెలియజేస్తున్నాను.

అయితే బడి మాత్రం పద్ధతిగా నడిచిందని ఒప్పుకోక తప్పదు. ఉదయం కోడలు ముందుగదిలో గంట కొట్టేది. పిల్ల ఒక్కతే వరుసగా నిలబడి, ప్రార్థన చేసి, ప్రతిజ్ఞ చెప్పి, తనకు తానే అటెన్షన్, స్టాండెటీజ్ ఇచ్చుకుని లోపలికి నడిచేది. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ మిస్" అనేది. పరీక్షలు పెట్టి ర్యాంకులు ప్రకటించేవారు. మొదటి ర్యాంకు మా మనవరాలిదే, చివరి ర్యాంకూ ఆమెదే. రెంటినీ మా కోడలు ఒకే గంభీరమైన గొంతుతో చదివేది. ఆటల పోటీలకు అందరం మంగినపూడి సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. పిల్ల ఒక్కతే పరుగెత్తింది. మా అబ్బాయి అవతల రిబ్బను పట్టుకుని "కమాన్, కమాన్!" అని అరిచాడు. అది గెలిచి, స్టీలు గ్లాసు తీసుకుని, వెనక్కి తిరిగి ఎవరైనా వస్తున్నారేమోనని కాసేపు చూసింది.

పోయిన క్రిస్మస్ సెలవుల్లో ఒక సాయంత్రం అది నా కుర్చీ పక్కన చేరింది. అప్పటికి పన్నెండేళ్ళు నిండాయి.

"తాతయ్యా, నేను జూన్‌లో బడికెళ్ళాలి. మన వీధి చివరి బడికే. అమ్మని అడిగితే పదో తరగతి దాకా ఇంట్లోనే అంటోంది. ఈసారి ఎనిమిదిలో చేరకపోతే ఇంక చేరనివ్వదు."

"ఇంట్లో నీకేం తక్కువైంది?"

"నాకు పక్కన కూర్చునే మనిషి కావాలి."

"నేను కూర్చుంటానుగా."

"నువ్వు కాపీ కొట్టవుగా తాతయ్యా!"



సరిగ్గా ఆ రోజుల్లోనే మా అబ్బాయి విజయవాడలో, ఇంటిదగ్గరే పిల్లలను చదివించుకునే విశ్వాస కుటుంబాల కూడికకు వెళ్ళి వచ్చాడు. వస్తూ వస్తూ చంకలో ఒక తెల్లబోర్డూ, సంచీ నిండా రంగు రంగుల అంటుడు కాగితాలూ తెచ్చాడు. కొత్త సంవత్సరంలో ప్రతి కుటుంబమూ కలిసి కూర్చుని లక్ష్యాలు పెట్టుకోవాలని అక్కడ ఎవరో పెద్దలు బోధించారట. ఆత్మీయం, విద్య, ఆరోగ్యం, కుటుంబం, పరిచర్య అని బోర్డు మీద ఐదు గళ్ళు గీశాడు. గీతలు వంకరగా వచ్చాయి. నేను స్కేలుతో మళ్ళీ గీశాను.

జనవరి ఒకటో తేదీన ఆరాధన ముగించుకుని వచ్చి, భోజనాలయ్యాక, ముందుగదిలో సమావేశమయ్యాం. కార్యదర్శి బాధ్యత నాకు అప్పగించారు. నేను వెంటనే మొదటి ప్రశ్న లేవనెత్తాను. ఒక లక్ష్యం ఆమోదం పొందినట్టు ఎలా తెలుస్తుంది? చేతులెత్తాలా, చీటీలు వేయాలా?

"చేతులెత్తడానికి ఇదేమన్నా పంచాయతీ మీటింగా మావయ్యగారూ?" అంది కోడలు. "మనం కుటుంబం. ఒక్కొక్కరం మన భారం ప్రార్థనలో పెడదాం. అందరం మనస్ఫూర్తిగా ఆమేన్ అంటే అదే ఆమోదం."

పాఠకులు ఈ మాట ఎవరిదో గమనించగోరుతున్నాను. ఆ నియమం నాది కాదు. నేను దానికి ఒక రూపం మాత్రమే ఇచ్చాను. ఎవరు ఏది ప్రార్థించినా, హాజరైనవారందరూ ఆమేన్ అంటే అది కుటుంబ లక్ష్యం. ఒకసారి ఆమోదించినదాన్ని తిరిగి అదే పద్ధతిలో తప్ప తొలగించరాదు. ఇలా రాసి, చదివి వినిపించి, సంతకాలు తీసుకున్నాను. పిల్ల కూడా పెట్టింది.

మా ఇంట్లో ప్రార్థించేవారు చివర "యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ" అని ఆగుతారు. అప్పుడు అందరం ఒక్క గొంతుగా ఆమేన్ అంటాం. ముప్పై నలభై ఏళ్ళుగా అంటున్నదాన్ని ఎవరూ ఆలోచించి అనరు. తుమ్ము వస్తే తుమ్మినట్టు అంటారు. ఈ సంగతి ఆ రోజు ఎవరమూ లెక్కలోకి తీసుకోలేదు.

మొదట మా అబ్బాయి ప్రార్థించాడు. రోజూ ఒక అధ్యాయం చదవాలి, చక్కెర తగ్గించాలి, ఫోను తగ్గించాలి. ఆమేన్. కోడలు ప్రార్థించింది. దశాంశాలు, భిన్నాలు, ఇంగ్లీషు ఉచ్చారణ. ఆమేన్. తర్వాత నా భార్య మొదలుపెట్టింది.

నా భార్య ప్రార్థన తెలిసినవారికి ఇక్కడ వివరణ అక్కరలేదు. తెలియనివారికోసం చెబుతున్నాను. ఆవిడ ఇంట్లో మొదలుపెట్టి వీధి దాటి, ఊరు దాటి, జిల్లా అంతా తిరిగి వస్తుంది. ఆ రోజు పెడనలో కలంకారీ అచ్చులు వేసే పెద్దాయన మోకాళ్ళు బాగుపడాలంది. ఆవిడ చీరలన్నీ ఆ ఇంటివే. దివిసీమలో, అవనిగడ్డ దాటాక సముద్రం వైపున్న ఊళ్ళో తన చెల్లెలి ఇంటి బోరులో తియ్యటి నీళ్ళు పడాలంది. గుడివాడలో ఉన్న తన తమ్ముడు చుట్ట మానాలంది. ఇంకా చాలా అంది. మా అబ్బాయి సగంలో ఒకసారి గురక పెట్టాడు. చివరికి ఆవిడ "తండ్రీ" అనగానే అందరం, బతికిపోయామన్నట్టుగా, గట్టిగా ఆమేన్ అన్నాం.

నేను రాశాను.

"నాన్నగారూ, అవి లక్ష్యాలేంటండీ, ప్రార్థన అంశాలు!" అన్నాడు మా అబ్బాయి, అంటుడు కాగితాలు చాలకపోవడం చూసి.

"నువ్వు ఆమేన్ అన్నావా లేదా?"

"అన్నాననుకోండి..."

"నిద్రలో అన్నావా?"

"ఛఛ."

"అయితే ఆమోదం పొందింది."

చివరిగా పిల్ల వంతు. అది కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి, ఒకే ఊపిరిలో "ప్రభువా నేను జూన్‌లో బడికి వెళ్ళాలి యేసు నామమున అడుగుతున్నాను తండ్రీ" అంది. నేను ఆమేన్ అన్నాను. నా భార్య అంది. మా అబ్బాయి సగం అని దగ్గాడు. కోడలు మాత్రం కళ్ళు తెరవకుండానే, మెత్తగా, "నీ చిత్తమైతే ప్రభువా" అంది.

ఇది ఆమోదమా, సవరణా, తిరస్కరణా అన్నది నాకు ఎదురైన మొట్టమొదటి క్లిష్ట సమస్య. చాలాసేపు ఆలోచించి, అందరూ ఆమేన్ అనలేదు గనుక లక్ష్యం వీగిపోయిందని ప్రకటించాను. అవును, మనవరాలికి వ్యతిరేకంగా తీర్పు చెప్పినవాణ్ణి నేనే. కుట్రదారుణ్ణి నేనే!

పిల్ల ఏడవలేదు. బోర్డు మీద నానమ్మ కాగితాలను ఒక్కొక్కటే చదివి, "పెడన తాత మోకాళ్ళు పాసయ్యాయి, నేను ఫెయిలయ్యాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

లక్ష్యం పెట్టుకున్నాక సాధించాలి. సాధించడానికి ప్రయత్నం చేయాలి. ఇది నా అభిప్రాయం కాదు, విజయవాడ కూడికలో చెప్పిన మాటేనని మా అబ్బాయే అన్నాడు. అందుచేత జనవరిలోనే పెడన వెళ్ళి ఆ పెద్దాయనకు ఒక సీసాడు తైలం ఇచ్చి, ఆయన మోకాళ్ళు మా కుటుంబ లక్ష్యంగా ఆమోదం పొందిన విషయం తెలియజేశాం. ఆయన అచ్చు పక్కన పెట్టి, చేతుల రంగు తుడుచుకుంటూ మర్యాదగా లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నారు.

"అమ్మగారు ప్రార్థన చేశారా? చాలా సంతోషమండీ. మరి లక్ష్యం అంటే ఇప్పుడు నేనేం చెయ్యాలండీ? పరిగెత్తాలా?"

"ఏమీ అక్కర్లేదండీ. నెలకోసారి ఎలా ఉన్నాయో చెబితే చాలు" అన్నాను.

"అట్టాగేనండీ. ఈ నెలకైతే నొప్పేనని రాసుకోండి."

ఫిబ్రవరిలో దివిసీమ వెళ్ళాం. వంతెన దాటి, అవనిగడ్డలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని మా మరదలి ఇంటికి చేరాం. బోరు నీళ్ళు గ్లాసులో పట్టి, వరుసగా కూర్చుని అందరం రుచి చూశాం. ఉప్పగా ఉన్నాయి. కోడలు దాన్ని పాఠం కింద మార్చి, పళ్ళెంలో నీళ్ళు పోసి ఎండబెట్టి, అడుగున మిగిలిన తెల్లటి పొరను పిల్లచేత గీకించింది. మా మరదలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"బావగారూ, మా అత్తగారి కాలం నుంచీ ఈ నీళ్ళు ఉప్పగానే ఉన్నాయి. మీరొచ్చి తాగి రాసుకుంటే తియ్యబడతాయా?"

"తియ్యబడ్డాయో లేదో తెలియడానికే తాగుతున్నామమ్మా."

"అక్క ప్రార్థన చేసిందంటే సరే. మధ్యలో మీ అందరికీ ఈ ఉప్పునీళ్ళ తద్దినమేంటండీ?"

మార్చిలో మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ ఉప్పగానే ఉన్నాయి. మా అబ్బాయికి రక్తపోటు పెరిగింది. చక్కెర తగ్గించుకోవాలన్న లక్ష్యం కింద తగ్గినదేదో ఈ లక్ష్యం కింద పెరిగిందని డాక్టరుగారికి నేనే వివరించాల్సి వచ్చింది. ఇదంతా జరుగుతున్నన్నాళ్ళూ పిల్ల బడి మాట ఎత్తలేదు. సాయంత్రం నాలుగున్నరకు మాత్రం వీధి చివరి బడి గంట కొట్టగానే వెళ్ళి గేటు పట్టుకుని నిలబడేది. బడి పిల్లలు గుంపులు గుంపులుగా ఒకరి సంచీ ఒకరు లాక్కుంటూ పోయేవారు. చివరివాళ్ళు కనబడకుండా పోయేదాకా ఉండి లోపలికి వచ్చేది.

ఈస్టరు వెళ్ళిన తర్వాతి వారం చుట్ట లక్ష్యం నిమిత్తం గుడివాడ బయలుదేరాం. బందరులో రైలెక్కితే పెడన మీదుగా నేరుగా తీసుకుపోతుంది. మా బావమరిది ఒకప్పుడు బియ్యం మిల్లు నడిపినవాడు. గుడికి క్రిస్మస్‌కూ, ఈస్టరుకూ, సంఘ భోజనాలకూ తప్పకుండా వస్తాడు. అరుగు మీద కూర్చుని చుట్ట పీలుస్తూ మమ్మల్ని ఆహ్వానించాడు. నేను సంగతి వివరించాను.

"ఏంటీ? నా చుట్ట మీ ఇంటి లక్ష్యమా?"

"అవును. అందరం ఆమేన్ అన్నాం."

"బావగారూ, నేనన్నానా?"

"నువ్వు ఆ రోజు హాజరు కాలేదు."

"నా నోట్లో చుట్ట తియ్యటానికి నేను లేకుండా మీటింగు పెట్టారన్నమాట. కాలవల ఆఫీసులో కూడా ఇంతే. చేలో నీళ్ళు లేవని మేం మొత్తుకుంటుంటే, మీరు బందరులో కూర్చుని నీళ్ళున్నాయని రాసేవారు."

ఈ ఆరోపణ నిరాధారం. ఆ మాట అక్కడే చెప్పాను. ఆయన నవ్వి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఏమ్మా బంగారం, మీ నానమ్మ కోరికలన్నీ లక్ష్యాలైపోయాయిగా. మరి నీదేదీ?"

"నాది పాసవలేదు తాతయ్యా."

"ఏంటది?"

"బడికెళ్ళటం."

"ఎవరాపారు?"

పిల్ల వంటింటి వైపు చూసింది. మా బావమరిది కూడా చూశాడు. లోపల కోడలు చేపముక్కల్లో ముళ్ళు ఏరుతోంది. ఆయన చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.

భోజనాలకు కూర్చున్నాం. కొరమీను పులుసు, పీతల ఇగురు, వేడి వేడి అన్నం. ప్రయాణం చేసి వచ్చినవాళ్ళం. అందరి ముందూ విస్తర్లు ఉన్నాయి. ఇంటి యజమానే ప్రార్థన చేయాలన్నాను. ఆయన లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"తండ్రీ, ఈ చేపనిచ్చినందుకు నీకు స్తోత్రం. వండిన చేతుల్ని దీవించు. మా అక్క మోకాలు నొప్పి పెట్టుకుని కూడా రైలెక్కి వచ్చింది, ఆవిణ్ణి దీవించు. బావగారికి ఇంకొన్ని కాయితాలియ్యి. మా అక్క కోడలు ముళ్ళన్నీ తీసింది, ఏ ముల్లూ ఎవరి గొంతులోనూ పడకుండా కాపాడు. ఈ చంటిది జూన్‌లో బడికెళ్ళాలి, దానికి దారి తియ్యి. పులుసు చల్లారిపోతోంది. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ."

"ఆమేన్!" అన్నాం అందరం.

అందరం అన్నాం. నేను కోడలి ఎదురుగా కూర్చున్నాను. ఆమె కూడా అంది, మిగతా అందరికన్నా స్పష్టంగా. అని, పులుసు గిన్నె మూత తీయబోయి, మూత చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"బాబాయిగారూ! ఇప్పుడు మీరేమన్నారు?"

"నేనేమన్నానో నాకు గుర్తులేదమ్మా. పెద్దవాణ్ణి. బావగారు రాసుకుని ఉంటారు."

పిల్ల నా వంక చూస్తోంది. అన్నం కలపడం కూడా మానేసి చూస్తోంది. నేను జేబులోంచి కాగితం తీసి రాశాను.

"మావయ్యగారూ, భోజనం ప్రార్థన లెక్కలోకి రాదు! అది అన్నానికి చేసింది."

"అన్నానికి అయితే రాదు, ఆరాధనకు అయితే వస్తుంది అని నియమంలో లేదమ్మా."

"బాబాయిగారు మన ఇంటి సభ్యులు కారు కదా!"

"ఎవరు ఏది ప్రార్థించినా అని ఉంది. ఎవరు అంటే ఎవరైనా. నువ్వూ సంతకం పెట్టావు."

మా బావమరిది పీత డెక్కను కొరికి, "అక్కా, నీ ముందు మాటిస్తున్నా. ఈ పిల్ల బడికెళ్ళిన రోజున చుట్ట మానేస్తా. అది వెళ్ళకపోతే మాత్రం నన్నడగొద్దు" అన్నాడు.

నా భార్య చేతిలోని ముద్ద విస్తరిలో పెట్టి కోడలి వైపు తిరిగింది. తమ్ముడి చుట్ట కోసం ఆవిడ పెళ్ళి కాకముందునుంచీ ప్రార్థిస్తోంది. ఆ క్షణం నుంచి మా ఇంట్లో పక్షాలు మారిపోయాయి.

తిరుగు రైల్లో అందరూ మాటలన్నీ ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థన కోసం దాచుకున్నారు. మా ఇంట్లో ఎదుటివారితో అనలేనిది దేవుడితో అంటే, ఎదుటివారు కళ్ళు మూసుకుని వినక తప్పదు. మధ్యలో అడ్డు తగలడానికి లేదు. నా భార్య తమ్ముడి ఊపిరితిత్తుల స్థితిని దేవునికి సవివరంగా తెలియజేసి, కొందరి మొండితనం వల్ల ఆ ఊపిరితిత్తులు పాడైపోతున్నాయని చేర్చింది. మా అబ్బాయి "రేపు పొద్దున్నే నాకు కైకలూరులో పనుంది, నన్ను ఇందులోకి లాగకుండా కాపాడు ప్రభువా" అన్నాడు. దీనికి కూడా ఆమేన్ అన్నాం.

అప్పుడు కోడలు మొదలుపెట్టింది. నియమం ప్రకారం ఆమోదించినదాన్ని అదే పద్ధతిలో తొలగించవచ్చు. ఆమె దానికే సిద్ధపడిందని నాకు అర్థమైంది.

"ప్రభువా, నేను పనిచేసిన బడిలో మార్కుల ప్రకారం పిల్లల్ని కూర్చోబెట్టించేవారు. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ప్రతి నెలా నేనే పేర్లు పిలిచేదాన్ని. ఒక పిల్ల ఏడాదంతా వెనక గోడ దగ్గరే కూర్చుంది. మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వటం మానేసింది. తర్వాత, పేరు పిలవకముందే సంచీ తీసుకుని వెళ్ళి గోడ దగ్గర కూర్చునేది. ఆ పిల్ల నడిచిన నడక నీకు తెలుసు ప్రభువా. నా బిడ్డ అట్టా నడవకూడదు. దీన్ని బడికి పంపే ఆ లక్ష్యం తీసేయి. దీన్ని నా దగ్గరే ఉంచు. యేసు నామమున అడుగుతున్నాను తండ్రీ."

ఆగింది.

ఎవరూ ఆమేన్ అనలేదు.

నేను పుట్టి బుద్ధెరిగిన తర్వాత మా ఇంట్లో ఒక ప్రార్థన ఆమేన్ లేకుండా నిలిచిపోవడం అదే మొదలు. నా భార్య చుట్ట కోసం ఊరుకుంది. మా అబ్బాయి ఒక కన్ను తెరిచి కూతురి మొహం చూసి ఊరుకున్నాడు. నేను ఊరుకోవడానికి కారణం నియమం కాదు. గేటు పట్టుకుని నిలబడే పిల్ల నా కళ్ళలో మెదిలింది. కోడలు కళ్ళు మూసుకునే ఉంది. ఆమె జోడించిన చేతులు కొంచెం కొంచెంగా విడిపోవడం నేను చూశాను.

"ఆమేన్" అంది పిల్ల.

అందరం కళ్ళు తెరిచాం. కోడలు కూతురి వైపు తిరిగింది.

"నువ్వెందుకన్నావే?"

"నువ్వొక్కదానివే అయిపోయావుగా అమ్మా."

ఒకరి ఆమేన్ అందరి ఆమేన్ కాదు గనుక తొలగింపు చెల్లదని నేను చెప్పవలసి ఉంది. చెప్పలేదు. చెప్పే అవసరమూ రాలేదు. కోడలు లేచి, పిల్ల తల మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండానే దాన్ని లోపలికి తీసుకుపోయింది. మర్నాడు ఉదయం గంట కొట్టలేదు. నేను పేపరు చదువుతుండగా వచ్చి, "మావయ్యగారూ, ఆ వీధి చివర హెడ్మిస్ట్రెస్ గారు ఎన్నింటికి ఉంటారో కనుక్కుంటారా?" అంది.

జూన్‌లో బడి తెరిచిన రోజున ముగ్గురం వెళ్ళాం. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఇంతకుముందు ఏ బడమ్మా?"

"మా ఇల్లండీ" అంది పిల్ల.

"ర్యాంకు?"

"ఫస్టు."

"ఎంతమందిలో?"

"నాలోనే."

ఆవిడ నా వైపు తిరిగారు. నేను ఐదేళ్ళ హాజరు పట్టీలు, ప్రశ్నపత్రాలు, మంగినపూడి పరుగు పందెం ఫలితంతో సహా బల్ల మీద పెట్టాను. ఇంత చక్కని రికార్డు ఈ బడిలోనే లేదని ఆవిడ అన్నారు. ఇది నా మాట కాదు, ఆవిడ మాట. కోడలు మాత్రం ఒక్కటే అడిగింది.

"ఇక్కడ పిల్లల్ని ఎట్టా కూర్చోబెడతారండీ?"

"ఎట్టా ఏముందమ్మా, ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు. బెంచీలు చాలక కింద కూడా కూర్చుంటారు."

కోడలు తరగతి గది కిటికీలోంచి చాలాసేపు లోపలికి చూసింది. ఆ తర్వాత పిల్ల చెయ్యి వదిలింది.

మధ్యాహ్నం మా బావమరిది ఫోను చేసి, మాట నిలబెట్టుకున్నాననీ, పొద్దుటి నుంచీ చుట్ట ముట్టలేదనీ, కేవలం వాసన చూస్తున్నాననీ చెప్పాడు. వాసన గురించి నియమంలో ఏమీ లేదు. దాని సంగతి నా భార్యకే వదిలేశాను.

ఆ రోజంతా కోడలు ఏ పనీ చేయలేదు. వంటింట్లోకి వెళ్ళేది, వచ్చేది. నాలుగున్నరకు ఇంకా వ్యవధి ఉండగానే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. గంట వినబడింది. పిల్ల గుంపులోంచి ఊడిపడి, జడ సగం విప్పుకుపోయి, పరుగెత్తుకుంటూ వచ్చి గేటు తోసింది. చేతిలో విరిగిన ప్లాస్టిక్ స్కేలు ముక్కలు రెండున్నాయి.

"అమ్మా! నా పక్కమ్మాయి నా స్కేలు విరగ్గొట్టేసింది!"

"ఎవరే ఆ పిల్ల? ఎందుకు విరగ్గొట్టింది? ఎట్టా ఊరుకున్నావు?"

"ఊరుకోలేదు. దాని రబ్బరు నేను తీసేసుకున్నా. రేపు కూడా నా పక్కనే కూర్చుంటానంది."

"పేరేంటి?"

"ఇంకా అడగలేదమ్మా. రేపడుగుతా. ఇంట్లో ఇంకో స్కేలుందా?"